బ్యాటరీ చవకైతే లాభం ఎవరి ఖాతాలో పడుతుంది?

కర్నూలు మార్కెట్ యార్డుకు ఉల్లిగడ్డ తెచ్చే రైతుకు ఈ లెక్క ఒకరు చెప్పనక్కర్లేదు. దిగుబడి దండిగా వచ్చిన ఏడాదే ధర నేలకు దిగుతుంది. కొనేవాళ్లకు చవక, పండించినవాళ్లకు లారీ బాడుగ కూడా గిట్టదు. బ్యాటరీ కంపెనీల షేర్లు కొనాలనుకునేవాళ్లు మొదట పట్టుకోవలసిన కొస ఇదే. సరుకుకు గిరాకీ ఉన్నంత మాత్రాన తయారుచేసినవాడి చేతిలో డబ్బు మిగలదు.

2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వ సంస్థ సెకీ 500 మెగావాట్ల బ్యాటరీ నిల్వకు టెండర్ పిలిస్తే, మెగావాట్‌కు నెలకు దాదాపు 10.8 లక్షల రూపాయల అద్దె పలికింది. 2024 మార్చిలో గుజరాత్ విద్యుత్ సంస్థ టెండర్లో అది 4.49 లక్షలకు దిగింది. 2025 నాటికి, కేంద్రం సాయం అందే టెండర్లలో, రెండు లక్షల చిల్లరకు వచ్చేసింది. మూడేళ్లలో ఐదో వంతు. ఈ అంకెలు చూపించి "రాబోయేదంతా బ్యాటరీల కాలం, ఇప్పుడే షేర్లు కొనేయండి" అనే సలహాలు కడప, అనంతపురం, కర్నూలులో చాలామంది ఫోన్లలో తిరుగుతున్నాయి. అందులో మొదటి మాట నిజం. రెండో మాట మొదటిదాన్నుంచి పుట్టదు. ఎందుకు పుట్టదో చూడాలంటే లెక్కలోకి దిగాల్సిందే.

రెండు కొలతలు, ఒక పొరపాటు

బ్యాటరీ ప్రాజెక్టు వార్తల్లో రెండు అంకెలుంటాయి. ఒకటి మెగావాట్, రెండోది మెగావాట్ అవర్. బోరుబావి భాషలో చెప్పాలంటే మొదటిది మోటారు హార్స్ పవర్, రెండోది తొట్టి పరిమాణం. ఐదు హార్స్ పవర్ మోటారు ఉందని తెలిస్తే తొట్టిలో ఎన్ని నీళ్లున్నాయో తెలియదు. 100 మెగావాట్ల బ్యాటరీ అంటే ఒక్కసారిగా అంత శక్తి ఇవ్వగలదని మాత్రమే అర్థం. రెండు గంటలిస్తుందా, నాలుగు గంటలిస్తుందా అన్నది మెగావాట్ అవర్లు చెబుతాయి. ఖర్చులో పెద్ద భాగం తొట్టిదే. అందుకే "మెగావాట్‌కు ఇన్ని కోట్లు" అన్న అంకెను గంటలు తెలియకుండా పోల్చడం కూడదు. రెండు కంపెనీల ప్రకటనలు పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు తరచూ పొరపడేది ఇక్కడే.

ఒక మెగావాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులోని వెయ్యి యూనిట్లు. ఇప్పుడు గ్రిడ్ నిల్వలో ఎక్కువగా వాడుతున్నది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, 314 ఆంపియర్ అవర్ల సెల్. దాని వోల్టేజీ 3.2. రెండూ గుణిస్తే 1005 వాట్ అవర్లు, అంటే ఒక్క సెల్‌లో దాదాపు ఒక యూనిట్ పడుతుంది. లావుపాటి నిఘంటువంత ఉంటుంది, బరువు ఐదున్నర కిలోల దరిదాపు. అలాంటివి 416 వరుసగా కలిపితే ఒక ర్యాక్. 12 ర్యాకులు, అంటే 4992 సెల్స్, ఇరవై అడుగుల కంటైనర్లో బిగిస్తే ఐదు మెగావాట్ అవర్లు. లారీ మీద వచ్చి దిగే సరుకు అది.

ధరల విషయంలోనూ ఇలాంటి కలగాపులగం ఉంది. సెల్ ధర, సెల్స్ కలిపి కట్టిన ప్యాక్ ధర, బిగించి గ్రిడ్‌కు కలిపిన ధర, ఈ మూడూ వేర్వేరు. బ్లూమ్‌బర్గ్ సంస్థ ఏటా ప్రకటించే ప్యాక్ సగటు ధర 2022లో యూనిట్ నిల్వకు 151 డాలర్లు, 2023లో 139, 2024లో 115. అందులో కార్ల ప్యాకులూ కలిసి ఉంటాయి. గ్రిడ్ ప్రాజెక్టుకు ప్యాక్ మీద ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్, చల్లబరిచే ఏర్పాటు, మంటలార్పే వ్యవస్థ, పునాదులు, సబ్‌స్టేషన్ దాకా లైను, పన్నులు కలుస్తాయి. పొలంలో టమాటా ధరకూ రైతుబజారు ధరకూ ఉన్నంత తేడా వస్తుంది. చైనా నుంచి సెల్ ధర ఫలానా అని వార్త వస్తే, ఇక్కడ ప్రాజెక్టు ఖర్చు కూడా అదేనని అనుకోకూడదు.

నిల్వ చేసిన యూనిట్ ఎంత పడుతుంది

ఒక మెగావాట్, రెండు గంటల బ్యాటరీని తీసుకుందాం. అద్దె నెలకు 2.2 లక్షలు. ఏడాదికి 26.4 లక్షలు. రోజుకు ఒకసారి నింపి ఖాళీ చేస్తే 2000 యూనిట్లు. టెండర్లలో మామూలుగా అడిగే 95 శాతం లభ్యత లెక్కన ఏడాదికి 6,93,500 యూనిట్లు బయటికి వస్తాయి. భాగిస్తే యూనిట్‌కు నిల్వ చార్జీ 3 రూపాయల 81 పైసలు.

దీనికి నింపిన కరెంటు ఖరీదు కలపాలి. మధ్యాహ్నం సోలార్ యూనిట్ రెండున్నర రూపాయలకు దొరికిందనుకుందాం. వంద యూనిట్లు లోపలికి పోస్తే బయటికి వచ్చేవి 85. మిగతాది వేడిగా, చల్లబరిచే యంత్రాల వాడకంగా పోతుంది. కాబట్టి బయటికొచ్చిన యూనిట్ మీద కొనుగోలు ఖర్చు 2.94. మొత్తం 6 రూపాయల 75 పైసలు. ఇదే లెక్క 2022 నాటి 10.8 లక్షల అద్దెతో వేస్తే యూనిట్ 21 రూపాయలు దాటుతుంది. సాయంత్రం ఏడు గంటలకు, కరెంటు కొని అమ్మే ఎనర్జీ ఎక్స్‌ఛేంజీలో యూనిట్‌కు 2023 నుంచి ఉన్న గరిష్ఠ పరిమితి 10 రూపాయలు. అప్పుడు బ్యాటరీ ఆ గీతకు రెండింతల పైన ఉండేది, ఇప్పుడు గీత కిందికి వచ్చింది. కరెంటు పంపిణీ సంస్థలు, అంటే డిస్కంలు, ఒక్కసారిగా బ్యాటరీల వెంట పడటానికి కారణం ఇదే.

రోజుకు రెండుసార్లు వాడితే నిల్వ చార్జీ సగానికి, 1.90కి దిగుతుంది. రెండోసారి నింపడానికి రాత్రి చవక కరెంటు కావాలి. రాయలసీమకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. ఉరవకొండ, రామగిరి చుట్టూ గాలిమరలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా రాత్రిపూట కూడా బాగా తిరుగుతాయి. అయితే ఆ గాలి ఏడాదంతా ఉండదు. "రోజుకు రెండు సైకిళ్లు" అని లెక్క కట్టిన ప్రాజెక్టు నివేదికలో జనవరి నెల రాత్రుల్లో కరెంటు ఎక్కడినుంచి తెస్తారో చూడాలి.

మరో సంగతి కూడా లెక్కలో పెట్టాలి. మన రాష్ట్రంలో వ్యవసాయానికి తొమ్మిది గంటల కరెంటు పగటిపూటే ఇస్తున్నారు. బోర్లు పగలు నడుస్తుంటే సోలార్ యూనిట్లు నేరుగా మోటార్లలోకి పోతాయి. అది కూడా నిల్వే, కాకపోతే నీళ్ల రూపంలో. పగలు మిగిలే కరెంటు ఎంత తక్కువైతే బ్యాటరీకి దొరికే చవక కరెంటు అంత తగ్గుతుంది.

ఇప్పుడు ప్రాజెక్టు కట్టేవాడి వైపు నుంచి

కొనేవాడికి 6.75 అంటే సంతోషమే. అదే 2.2 లక్షల అద్దెతో ప్రాజెక్టు పెట్టినవాడి గతి చూద్దాం. ఒప్పందంలోని ప్రతి యూనిట్ నిల్వకు అన్నీ కలిపి 10,000 రూపాయలు ఖర్చయిందనుకుందాం. రెండు గంటల మెగావాట్‌కు రెండు కోట్లు. కేంద్రం 2025లో ప్రకటించిన రెండో విడత సాయం మెగావాట్ అవర్‌కు 18 లక్షలు, అంటే 36 లక్షలు తగ్గుతాయి. సొంతంగా పెట్టాల్సింది 1.64 కోట్లు. ఏటా వచ్చే అద్దె 26.4 లక్షలు. నిర్వహణకూ, తగ్గిపోయే సామర్థ్యాన్ని పూడ్చడానికీ కలిపి మొత్తం రెండు కోట్లలో ఏటా 4 శాతం, అంటే 8 లక్షలు తీసేయండి. మిగిలేది 18.4 లక్షలు. పన్నెండేళ్ల ఒప్పందం మీద రాబడి ఏడాదికి సుమారు 5 శాతం. బ్యాంకు అప్పు వడ్డీకి కూడా చాలదు.

ఇదే ప్రాజెక్టును యూనిట్‌కు 8,000 ఖర్చుతో కడితే? సొంత పెట్టుబడి 1.24 కోట్లకు దిగుతుంది, ఏటా మిగిలేది 20 లక్షలకు చేరుతుంది, రాబడి సుమారు 12 శాతం అవుతుంది. ఖర్చులో ఐదో వంతు తేడా రాబడిని రెండింతలు దాటిస్తుంది. అందుకని టెండర్ వేసేవాళ్లు ఈరోజు ధరతో కోట్ చేయరు, ఏడాదిన్నర తర్వాత సెల్స్ ఆర్డర్ పెట్టేనాటికి ధర ఎంత ఉంటుందో ఊహించి వేస్తారు. అంటే టెండర్ గెలిచిన కంపెనీ బ్యాటరీ ధర ఇంకా పడుతుందని పందెం కాసినట్టే. సెల్ తయారుచేసే కంపెనీ అదే ధర నిలబడాలని కోరుకుంటుంది. ఈ రెండు కంపెనీల షేర్లనూ "బ్యాటరీ షేర్లు" అని ఒకే గంపలో వేయడం మదుపరులు చేసే మొదటి తప్పు. ఒకదానికి మంచి వార్త రెండోదానికి చెడ్డ వార్త.

పందెం ఎదురు తిరిగే దారులున్నాయి. 2022లోనే ప్యాక్ ధర అంతకుముందు ఏడాదికంటే పెరిగింది. ఆ నవంబరులో చైనాలో లిథియం కార్బొనేట్ టన్ను ఆరు లక్షల యువాన్ల దరిదాపుకు పోయింది, 2024 మొదలయ్యేసరికి లక్షకు పడిపోయింది. చైనా ప్రభుత్వం 2024 డిసెంబరులో బ్యాటరీ ఎగుమతులపై పన్ను వాపసును 13 శాతం నుంచి 9 శాతానికి తగ్గించింది. డాలర్ విలువ ఒకటుంది. పైన వేసిన లెక్కలో ఇలాంటివి రెండు ఒకేసారి ఎదురైతే చాలు, 12 శాతం కరిగి 5 అవుతుంది.

టెండర్ గెలుపును గెలుపుగా చూడకూడదనడానికి ఒక ఉదాహరణ కళ్లముందే ఉంది. పైన చెప్పిన 2024 గుజరాత్ టెండర్లో గెలిచినవాళ్లలో జెన్సోల్ ఇంజనీరింగ్ ఒకటి. ఏడాది తిరిగేసరికి, 2025 ఏప్రిల్‌లో, విద్యుత్ వాహనాల కోసం తెచ్చిన అప్పును ప్రమోటర్లు మళ్లించారని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఏడాది ముందు వెయ్యి రూపాయల పైన తిరిగిన షేరు వంద కిందికి పడింది. ఆ కంపెనీ ప్రకటించిన ఆర్డర్లు చూసి కొన్నవాళ్లకు ఆ ఆర్డర్లు ఏ విధంగానూ అక్కరకు రాలేదు. ఆర్డర్ బుక్ కంటే ముందు అప్పుల పట్టిక, ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్ల శాతం చూడాలి. ఆ రెండూ స్టాక్ ఎక్స్‌ఛేంజీ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి.

సెల్ ఫ్యాక్టరీ ఎందుకంత కష్టం

సెల్ తయారీని మందుల తయారీతో పోల్చాలి, మోటార్ల తయారీతో కాదు. అల్యూమినియం, రాగి రేకుల మీద పొడి ముద్దను మైక్రాన్ల లెక్కన సమంగా పూయాలి. ఆరబెట్టాలి, రోలర్ల కింద నొక్కాలి, చుట్టాలి లేదా పేర్చాలి. ద్రవం నింపే గది గాలిలో తేమ ఎంత తక్కువ ఉండాలంటే మంచు బిందువు సున్నా కంటే 40 డిగ్రీలు కింద ఉండాలి. మనుషులు ఊపిరి వదిలినా తేమే. ఆ తర్వాత ప్రతి సెల్‌నూ మొదటిసారి నెమ్మదిగా చార్జి చేసి, రోజుల తరబడి నిల్వ ఉంచి, వోల్టేజీ తగ్గుతున్నవాటిని ఏరేయాలి. అందుకే ముడిసరుకు లోపలికి పోయిన రోజుకూ సెల్ అమ్ముడుపోయే రోజుకూ మధ్య వారాలు గడుస్తాయి. అన్నాళ్లూ డబ్బు గోదాములో ఇరుక్కుని ఉంటుంది. ఆలోగా లిథియం ధర పడితే, ఎక్కువ ధరకు కొన్న సరుకుతో చేసిన సెల్‌ను తక్కువకు అమ్ముకోవాలి.

కొత్త ఫ్యాక్టరీల్లో మొదటి ఏడాది, రెండేళ్లు చేసిన సెల్స్‌లో 30 శాతం దాకా తుక్కుకు పోవడం ఈ పరిశ్రమలో మామూలే. సెల్ ఖరీదులో సగానికి పైగా ముడిసరుకుదే కాబట్టి ఆ తుక్కంతా నేరుగా నష్టం. దశాబ్దంన్నరగా ఈ పని చేస్తున్న చైనా కంపెనీలు తుక్కును బాగా తగ్గించేశాయి, యంత్రాలు ఎప్పుడో కొన్నవి, ముడిసరుకు పక్క ఊళ్లోనే. 2011లో పుట్టిన సీఏటీఎల్ ఒక్కటే ప్రపంచ వాహన బ్యాటరీల్లో మూడో వంతుకు పైగా అమ్ముతోంది. దానితో ధరలో పోటీ పడటం అంటే ఏమిటో యూరప్ చూసింది. స్వీడన్‌కు చెందిన నార్త్‌వోల్ట్‌కు పెద్ద కార్ల కంపెనీల ఆర్డర్లున్నాయి, వెయ్యి కోట్ల డాలర్లకు మించిన నిధులొచ్చాయి, ప్రభుత్వాల అండ ఉంది. అనుకున్న సంఖ్యలో మంచి సెల్స్ బయటికి రాలేదు. 2025 మార్చిలో దివాలా తీసింది. అంతకుముందు అమెరికాలో ఏ123 సిస్టమ్స్ 2009లో షేర్లు అమ్మి, 2012 అక్టోబరులో దివాలా పిటిషన్ వేసింది. ద్రవం బదులు ఘనపదార్థం వాడే సాలిడ్ స్టేట్ బ్యాటరీల మీద పనిచేసే అమెరికా కంపెనీ క్వాంటమ్‌స్కేప్ షేరు 2020 డిసెంబరులో 130 డాలర్లు దాటి, రెండేళ్లలో పది కిందికి వచ్చింది. సాలిడ్ స్టేట్ బ్యాటరీ ఆలోచనలో తప్పు లేదు. ప్రయోగశాల సెల్‌కూ ఫ్యాక్టరీ సెల్‌కూ మధ్య దూరాన్ని షేరు ధర ముందే దాటేసింది, అదీ జరిగింది.

మన దేశంలో కేంద్రం 2021 మేలో 18,100 కోట్ల ప్రోత్సాహక పథకం ఆమోదించింది. లక్ష్యం 50 గిగావాట్ అవర్ల (గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు) సెల్ తయారీ. 2025 నాటికి నిజంగా నడుస్తున్నది అందులో చాలా చిన్న భాగం. ఈ పథకంలో 20 గిగావాట్ అవర్ల వాటా దక్కించుకున్న ఓలా ఎలక్ట్రిక్ 2024 ఆగస్టులో షేరు 76 రూపాయలకు మార్కెట్లోకి వచ్చింది. అదే నెలలో 150 దాటింది, మరుసటి ఏడాది 50 కిందికి పడింది. ఆ ఒడిదుడుకుల్లో స్కూటర్ల అమ్మకాలది పెద్ద పాత్ర, సెల్స్‌ది కాదు. ఇక్కడే రెండో జాగ్రత్త. కంపెనీ పేరు పక్కన "బ్యాటరీ" ఉన్నా, డబ్బు ఎక్కడినుంచి వస్తోందో చూడాలి.

తిరుపతి ప్రాంతంలో పుట్టిన అమరరాజా మన ఇళ్లలో అందరికీ తెలిసిన పేరు. 2023లో పేరును అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీగా మార్చుకుంది. తెలంగాణలో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో పదేళ్లలో 9,500 కోట్లతో 16 గిగావాట్ అవర్ల దాకా సెల్ ఫ్యాక్టరీ కడతామని 2022 డిసెంబరులో ఒప్పందం చేసుకుంది, 2024లో చైనా కంపెనీ గోషన్ అనుబంధ సంస్థ నుంచి సెల్ పరిజ్ఞానానికి లైసెన్స్ తీసుకుంది. అయినా ఈరోజుకూ దాని ఆదాయంలో సింహభాగం సీసం బ్యాటరీలదే, అంటే కార్లు, బైకులు, ఇన్వర్టర్లు, టెలికాం టవర్లు. ఎక్సైడ్ కథా అంతే, దాని లిథియం ఫ్యాక్టరీ బెంగళూరులో. ఇలాంటి కంపెనీలో మదుపు చేస్తే, పాత వ్యాపారం సంపాదించే డబ్బు కొత్త ఫ్యాక్టరీలోకి పోతుంటుంది, ఆ ఫ్యాక్టరీ గెలుస్తుందో లేదో అయిదారేళ్లకు గానీ తేలదు. అది చెడ్డ ఏర్పాటు కాదు. అప్పుల మీద మాత్రమే నడిచే కొత్త కంపెనీ కంటే ఇదే నయం. కానీ దాన్ని లిథియం కంపెనీ ధరకు కొనకూడదు. హైదరాబాద్‌కు చెందిన హెచ్‌బీఎల్ మరో రకం. అది బ్యాటరీలు చేసే కంపెనీయే గానీ, ఈమధ్య దాని షేరు పరుగుకు కారణం రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థకు రైల్వేలిచ్చిన ఆర్డర్లు.

కళ్లముందు ఉన్న ప్రాజెక్టులో షేరు దొరకదు

మన మూడు పాత జిల్లాల్లో నిల్వ అవసరం కళ్లకు కనిపిస్తుంది. గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు, కడప జిల్లా మైలవరం, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయిన నంబులపూలకుంట. సాయంత్రం ఆరు దాటితే ఇవన్నీ సున్నా, సరిగ్గా అప్పుడే ఇళ్లలో ఫ్యాన్లు, దీపాలు, టీవీలు మొదలవుతాయి. ఆ ఖాళీని నింపడానికి పిన్నాపురంలో గ్రీన్‌కో కంపెనీ చేపట్టిన పంప్డ్ స్టోరేజీ 1680 మెగావాట్లు, ఆరు గంటలు. అంటే కోటి యూనిట్ల పైచిలుకు. ఐదు మెగావాట్ అవర్ల కంటైనర్లతో అంత నిల్వ కావాలంటే రెండు వేలు దింపాలి.

పంప్డ్ స్టోరేజీ అంటే రెండు చెరువులు, ఒకటి గుట్ట మీద, ఒకటి కింద. పగలు నీళ్లు పైకి తోడి రాత్రి కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. శ్రీశైలం ఎడమగట్టులో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఇలా రెండు వైపులా తిరిగేవే. పంప్డ్ స్టోరేజీకి మామూలుగా మెగావాట్‌కు ఐదారు కోట్లవుతుంది. ఆరు గంటలతో భాగిస్తే యూనిట్ నిల్వకు పది వేల దరిదాపు. కొన్నేళ్ల క్రితం బ్యాటరీ దీని పక్కన నిలబడేది కాదు, ఇప్పుడు భుజం భుజం రాసుకుంటోంది. అయితే చెరువు, టర్బైన్ నలభై ఏళ్లుంటాయి, సెల్స్ పన్నెండు, పదిహేనేళ్లకు మార్చాలి. పంప్డ్ స్టోరేజీ కట్టడానికి నాలుగైదేళ్లు, బ్యాటరీకి ఏడాదిన్నర. వందకు వెనక్కి వచ్చేది పంప్డ్‌లో 75 నుంచి 80, బ్యాటరీలో 85. రెండు గంటల పీక్‌కు బ్యాటరీ, ఆరెనిమిది గంటల రాత్రికి పంప్డ్, ఈ పంపకం ఇంకొన్నేళ్లు సాగుతుంది. ఆ తర్వాత గీత ఎటు జరుగుతుందన్నది సెల్ ధర మీదే ఆధారపడి ఉంది. పంప్డ్ స్టోరేజీ మీద పెట్టుబడి పెట్టే కంపెనీకి ఇదే అసలు ముప్పు.

మదుపరికి సంబంధించిన మాట ఏమిటంటే, గ్రీన్‌కో మన స్టాక్ ఎక్స్‌ఛేంజీల్లో లేదు. గుత్తి మండలం బేతపల్లిలో 2025 మేలో గాలి, సోలార్, బ్యాటరీ కలిపిన భారీ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసిన రెన్యూ 2021లో అమెరికా నాస్‌డాక్‌లో నమోదైంది. ఊరి పక్కన క్రేన్లు కనిపిస్తున్నాయి కదా అని, ఆ ప్రాజెక్టు పేరు చెప్పి "ప్రీ ఐపీఓ షేర్లు", "నెలనెలా అద్దె వాటా" అమ్మేవాళ్లు వస్తే ఆ డబ్బు తిరిగొచ్చే ఆశ పెట్టుకోవద్దు. సలహా ఇచ్చేవాళ్ల సెబీ రిజిస్ట్రేషన్ నంబరు సెబీ వెబ్‌సైట్లో సరిచూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

ఎండ, ఒప్పందం

మన దగ్గర పెట్టే బ్యాటరీకి ప్రత్యేకమైన శత్రువు ఎండ. సెల్ జీవితకాలాన్ని కంపెనీలు 25 డిగ్రీల దగ్గర చెబుతాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే సెల్ లోపలి ముసలితనం దాదాపు రెండింతల వేగంతో వస్తుంది, వాడినా వాడకపోయినా. మే నెలలో కర్నూలు, అనంతపురంలో 42, 43 డిగ్రీలు. ఎండలో నిలబడ్డ ఇనుప కంటైనర్ లోపల ఇంకా ఎక్కువ. అందుకే ద్రవంతో చల్లబరిచే పైపులు ప్రతి ర్యాక్‌లో ఉంటాయి, ఆ పంపుల కరెంటు కూడా బ్యాటరీ ఖాతాలోనే పడుతుంది. లోపలికి పోసిన కరెంటులో కనీసం 85 శాతం బయటికి రావాలన్న షరతు చాలా టెండర్లలో ఉంది, తగ్గితే జరిమానా, 70 కిందికి పోతే అద్దే రాదు. వసంతంలో 88 ఇచ్చిన ప్లాంటు మే నెలలో 84కు దిగితే, 85కు తక్కువైన ఆ ఒక్క శాతం లాభంలోంచి పోతుంది.

సైకిళ్ల లెక్కా చూడాలి. పన్నెండేళ్లు రోజుకు ఒకసారి అంటే 4380 సైకిళ్లు. 6000 సైకిళ్ల సెల్‌తో సరిపోతుంది. రోజుకు రెండుసార్లయితే 8760. అదే సెల్‌తో సరిపోదు, మధ్యలో కొత్త కంటైనర్లు చేర్చాలి. ఆ ఖర్చు ఏ ఏడాదిలో, ఎంత అని రాయని అంచనాను నమ్మకూడదు. మంటల విషయంలో ఐరన్ ఫాస్ఫేట్ రకం నికెల్ రకాల కంటే నయం. 2025 జనవరిలో కాలిఫోర్నియాలోని మాస్ ల్యాండింగ్‌లో తగలబడింది పాత నికెల్ రకం, అదీ ఒకే భవనంలో పేర్చినది. కంటైనర్ల మధ్య ఎడం వదలడం అక్కడ నేర్చిన పాఠం.

ఇక డబ్బు కట్టేవాళ్లు. బ్యాటరీ అద్దె చెల్లించేది చివరికి డిస్కం. మన రాష్ట్రంలో 2019లో గాలి, సోలార్ ఒప్పందాల ధరలను తిరగదోడే ప్రయత్నం జరిగింది, బిల్లులు పూర్తిగా అందలేదు, 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందపు ధరే కట్టాలని తీర్పిచ్చింది. అంటే దాదాపు మూడేళ్లు కంపెనీలు అప్పు వడ్డీ జేబులోంచి కట్టుకున్నాయి. ఆ ఏడాదే వచ్చిన ఆలస్య చెల్లింపుల నిబంధనల తర్వాత పరిస్థితి మెరుగైంది. ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. ఈరోజు 3.81కి ఒప్పందం చేసుకున్న డిస్కంకు మూడేళ్ల తర్వాత రెండు రూపాయలకే కొత్త బ్యాటరీ దొరికితే, పాత ఒప్పందం మీద మనసు నిలవదు. ధర పడే సరుకులో పాత ఒప్పందమే కంపెనీకి ఆస్తి, అదే దానికి ముప్పు కూడా. కాబట్టి త్రైమాసిక ఫలితాల్లో రావలసిన బాకీలు అమ్మకాలకంటే వేగంగా పెరుగుతున్నాయేమో చూడాలి. ఉత్పత్తి సామర్థ్యం ఎన్ని గిగావాట్లని చెప్పే స్లైడు కంటే, ఎంత శాతం నడిచింది, ఎంత అమ్ముడైంది అన్న వరుస ముఖ్యం. "అవగాహన ఒప్పందం" అన్న మాటకు డబ్బు విలువ లేదు. కట్టి తీరాల్సిన ఆర్డర్, లెటర్ ఆఫ్ అవార్డ్ వచ్చాక లెక్కలోకి తీసుకోవాలి.

చవకదనం మొదట వాడేవాళ్లకు చేరుతుంది కాబట్టి, షేరు మీద పెట్టే లక్షను సొంత కరెంటు మీద పెడితే ఎలా ఉంటుందని కొందరు అడుగుతారు. ఇంటి మీద సోలార్ పెట్టి నెట్ మీటరింగ్ ఉన్నవాళ్లకు గ్రిడ్డే ఉచిత బ్యాటరీ. పగలు పంపిన యూనిట్ రాత్రి తిరిగొస్తుంది. వాళ్లు బ్యాటరీ కొంటే కరెంటు పోయినప్పుడు వాడుకోవడానికే, పొదుపుకు కాదు. బేతంచెర్ల, తాడిపత్రి రాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల లెక్క వేరు. డీజిల్ జనరేటర్లో లీటరుకు మూడు, మూడున్నర యూనిట్లు వస్తాయి, ఇంధనం ఒక్కటే యూనిట్‌కు దాదాపు ముప్పై రూపాయలు. కరెంటు కోతలకు మాత్రమే, ఏడాదికి ముప్పైసార్లు వాడేందుకు వంద యూనిట్ల బ్యాటరీ 15 లక్షలకు కొంటే, ఏటా 3000 యూనిట్లే వస్తాయి. పదేళ్లకు పంచితే వడ్డీ లేకుండానే యూనిట్ 50 రూపాయలు, జనరేటరే చవక. అదే బ్యాటరీని పని రోజుల్లో రోజూ పీక్ గంటల అదనపు చార్జీ తప్పించుకోవడానికి నడిపితే, ఏడాదికి 300 సార్లు, యూనిట్ 5 రూపాయలు. బ్యాటరీ కొనే ముందు ఫ్యాక్టరీ యజమాని చూసుకోవలసింది గత పన్నెండు నెలల హెచ్‌టీ బిల్లులు, అందులో పీక్ గంటల వాడకం ఉన్న వరుస.